నా డబ్బులు ఎటుపోయినయ్‌రా? 2008 బ్యాంకుల సంక్షోభాన్ని ఒక రేడియో ప్రోగ్రాం విప్పి చెప్పిన తీరు

మా పెద్దమ్మ ఒక చిన్న కోఆపరేటివ్ బ్యాంకులో లక్షా ఎనభై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసింది, పత్తి అమ్మగా మిగిలినవి కొన్ని, పెదనాన్న పోయాక వచ్చినవి కొన్ని. నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో ఆ బ్యాంకు షట్టర్ దించేసింది. అప్పట్లో డిపాజిట్ ఇన్సూరెన్స్ లక్ష వరకే ఉండేది, 2020 ఫిబ్రవరిలో గానీ దాన్ని ఐదు లక్షలు చెయ్యలేదు. ఆ లక్ష కూడా ఏళ్ళు తిరిగాక చేతికొచ్చింది, మిగతా ఎనభై వేలు రానే లేదు. పెద్దమ్మ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: "నేనిచ్చిన నోట్లు బీరువాలో పెట్టారు గదరా, మరి ఎటుపోయినయ్? గాల్లో కలవవు గదా, ఎవడో ఒకడు తీసుకునే ఉండాలి గదా?" నేను "బ్యాంకు దివాలా తీసింది పెద్దమ్మా" అన్నాను. "దివాలా అంటే ఏందిరా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

నాకు ఆ సమాధానం దొరికింది ఐదారేళ్ళ తర్వాత, అదీ అమెరికా రేడియోలో.

2008లో బీటెక్ అయిపోయింది, క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ డేట్ మాత్రం మూడుసార్లు వెనక్కి జరిగింది. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి రోజూ పేపర్ మొత్తం చదివేవాణ్ణి. సబ్‌ప్రైమ్ సంక్షోభం, ద్రవ్య లభ్యత, పరపతి బిగుసుకుపోవడం, బెయిలవుట్ ప్యాకేజీ... ఒక్కో మాట విడిగా తెలిసినట్టే ఉండేది, వాక్యం పూర్తయ్యాక మాత్రం ఏమీ మిగిలేది కాదు. ఎక్కడో ఫ్లోరిడాలో ఎవరో ఇంటి లోన్ కట్టకపోతే ఇక్కడ నా ఉద్యోగం ఎందుకు ఆగాలో ఏ రోజు పేపరూ నాకు చెప్పలేకపోయింది. అప్పుడు మా రూమ్మేట్ పెన్‌డ్రైవ్‌లో ఒక ఎంపీ3 ఫైల్ ఇచ్చాడు, వాళ్ళన్నయ్య అమెరికా నుంచి పంపించాడట. 'దిస్ అమెరికన్ లైఫ్' అనే రేడియో ప్రోగ్రాంలో 2008 మే 9న వచ్చిన గంట ఎపిసోడ్, పేరు 'ద జెయింట్ పూల్ ఆఫ్ మనీ', చేసింది అలెక్స్ బ్లూంబర్గ్, ఆడమ్ డేవిడ్సన్ అనే ఇద్దరు. లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా బ్యాంకు కూలింది సెప్టెంబర్ 15న, అంటే ఇది దానికి నాలుగు నెలల ముందే వచ్చింది. సిటీ బస్సులో విన్నాను, మళ్ళీ రాత్రి విన్నాను, యాస అర్థం కాక కొన్ని చోట్ల పదిసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

ఆ ప్రోగ్రాం మొదలుపెట్టే ప్రశ్న చాలా చిన్నది. కట్టలేరని తెలిసిన మనుషులకి అంతంత అప్పులు ఎందుకిచ్చారు? అంతే. ఆ ప్రశ్న పట్టుకుని ఒక్కొక్క మనిషి దగ్గరికీ వెళ్తారు. అప్పు తీసుకున్నతన్ని అడుగుతారు, నీకెవరిచ్చారు అని. ఇచ్చిన కంపెనీలో పనిచేసేవాణ్ణి అడుగుతారు, నువ్వెందుకిచ్చావు, ఆ కాగితం తర్వాత ఎవరికి అమ్మావు అని. కొన్న వాల్‌స్ట్రీట్ మనిషిని, అంటే న్యూయార్క్ పెద్ద బ్యాంకుల్లో పనిచేసేవాణ్ణి అడుగుతారు, నువ్వు ఎవరి కోసం కొన్నావు అని. డబ్బు వెళ్ళిన దారినే మైకు పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోయారన్నమాట. మా పెద్దమ్మ అడిగింది సరిగ్గా ఇదే కదా, ఎవడి చేతిలోంచి ఎవడి చేతిలోకి పోయింది అని.

ఇంతకీ ఆ దారి చివర ఏముంది అంటే, టైటిల్‌లో చెప్పిన ఆ పెద్ద డబ్బు మడుగు. ప్రపంచంలో పెన్షన్ ఫండ్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు, దేశాల సెంట్రల్ బ్యాంకులు ఇలాంటివాళ్ళంతా భద్రంగా ఉండి కాస్త వడ్డీ వచ్చేచోట పెట్టుకునే పొదుపు, వాళ్ళ లెక్క ప్రకారం అప్పటికి సుమారు 70 లక్షల కోట్ల డాలర్లు. 2000లో అది 36 లక్షల కోట్లు ఉండేదట, ఆరేడేళ్ళలో దాదాపు రెట్టింపైంది. చైనా వస్తువులు అమ్మింది, గల్ఫ్ దేశాలు ఆయిల్ అమ్మాయి, ఆ మిగులంతా ఎక్కడో ఒకచోట పెట్టాలి. మామూలుగా ఇలాంటి డబ్బు అమెరికా ప్రభుత్వ బాండ్లలోకి, అంటే ప్రభుత్వం వడ్డీకి అప్పు తీసుకుని ఇచ్చే కాగితాల్లోకి పోతుంది. కానీ అమెరికా సెంట్రల్ బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2000లో 6.5 శాతం ఉన్న వడ్డీ రేటుని తగ్గించుకుంటూ వచ్చి 2003 జూన్‌కల్లా 1 శాతానికి తెచ్చి, ఒక ఏడాది అక్కడే ఉంచింది. ఆ బాండ్లలో ఇక వచ్చేదేం లేదు. అంత డబ్బు పట్టుకున్నవాళ్ళు వేరే భద్రమైన చోటు వెతుక్కోవడం మొదలుపెట్టారు, వాళ్ళ కళ్ళు అమెరికా వాళ్ళ ఇంటి లోన్ల మీద పడ్డాయి. ఇల్లు తాకట్టు ఉంటుంది, జనం తిండి మానైనా ఇంటి వాయిదా కడతారు, వడ్డీ బాండ్ల కంటే ఎక్కువొస్తుంది.

కానీ అబుదాబిలో కూర్చున్న ఫండ్ ఒకటి నెవాడాలో ఒక ఇంటాయనకి నేరుగా అప్పివ్వలేదు కదా. మధ్యలో గొలుసు కావాలి. దీన్ని నేను మన ప్రోనోటుతో అర్థం చేసుకున్నాను. ఊళ్ళో షావుకారు ఎవరికైనా నోటు రాయించుకుని డబ్బిస్తే, ఇచ్చేముందు వాడి పొలం ఎంత, పోయినసారి తీసుకుంది తీర్చాడా, తాగుతాడా, అన్నీ చూస్తాడు, ఎందుకంటే వాడు ఎగ్గొడితే పోయేది తన డబ్బు. ఇప్పుడు అదే షావుకారుకి పొద్దున రాయించుకున్న నోటు సాయంత్రానికి పట్నంలో ఎవరో లాభానికి కొనేస్తారనుకోండి, ఎన్ని నోట్లు తెస్తే అన్నీ కొంటారనుకోండి, అప్పుడు ఆయన ఏం చూస్తాడు? నోటు మీద సంతకం ఉందా లేదా, అంతే. అమెరికాలో జరిగింది అదే. బ్రోకర్ మనిషిని తెస్తాడు, హోమ్ లోన్ కంపెనీ అప్పిస్తుంది, కొన్ని వారాల్లో ఆ లోన్‌ని వాల్‌స్ట్రీట్ బ్యాంకుకి అమ్మేస్తుంది, ఆ బ్యాంకు అలాంటివి వేలకొద్దీ మూటగట్టి బాండ్లుగా చేసి ఆ డబ్బు మడుగుకి అమ్మేస్తుంది. అప్పు ఎగవేస్తే మునిగేది ఎవరో చివర్లో ఉన్నవాడు, మధ్యలో ప్రతి ఒక్కడికీ కమిషన్ అప్పటికే జేబులో పడిపోయి ఉంటుంది.

అందుకే రూల్స్ ఒక్కొక్కటే జారిపోయాయి. మొదట జీతం స్లిప్ అడిగేవాళ్ళు, తర్వాత జీతం ఎంతో నోటితో చెబితే చాలన్నారు, చివరికి ఆదాయం ఆస్తి ఏదీ చెప్పక్కర్లేని లోన్లు కూడా వచ్చాయి. ప్రోగ్రాంలో ఒకతను మాట్లాడతాడు, నికరంలేని పార్ట్‌టైమ్ పనులు మూడు చేసుకుంటూ మొత్తం కలిపి ఏడాదికి 45 వేల డాలర్ల దాకా సంపాదించే మనిషి, అతనికి తన ఇంటి మీద 5 లక్షల 40 వేల డాలర్లు అప్పిచ్చారు. తనే బ్యాంకు అయితే తనకి ఇచ్చేవాణ్ణి కాదని అతనే ఒప్పుకుంటాడు. ఆ గొంతులో సిగ్గు ఉంది, అలసట ఉంది, మోసం చేసినవాడి గొంతులాగా మాత్రం లేదు. నాకు ఇక్కడే తెలిసింది రేడియో ఏం చెయ్యగలదో. "స్తోమత లేనివారికి విచ్చలవిడిగా రుణాలు" అని పేపర్లో చదివినప్పుడు నా మనసులో ఒక అత్యాశగాడి బొమ్మ వచ్చేది. ఆ గొంతు విన్నాక ఆ బొమ్మ మళ్ళీ రాలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పేపర్లో అర్థం కాని లైను వస్తే కళ్ళు దాన్ని దాటేసి కింద పేరాకి పోతాయి, మనం చదివేశాం అనుకుంటాం. చెవి అలా దాటలేదు. వినేవాడు ఒక్కచోట తప్పిపోతే ఇక ప్రోగ్రాం మొత్తం పోయినట్టే, గ్రాఫ్ చూపించి గట్టెక్కడానికీ లేదు. ఆ ఇబ్బంది వల్లే వాళ్ళు ఏ కొత్త మాటా ముందే వాడరు, ఆ వస్తువు మనకి కావాల్సిన క్షణం వచ్చాకే దాని పేరు చెప్తారు. మన ఆకాశవాణి రైతుల ప్రోగ్రాముల్లో ఇదే పద్ధతి ఉండేది, ముందు ఆకు ఎలా ముడుచుకుపోయిందో రైతు చెప్తాడు, తర్వాతే పురుగు పేరు, ఆ తర్వాతే మందు పేరు, ఎకరానికి ఎంత కొట్టాలో. ఆర్థిక వార్తల్లో మాత్రం మనం మందు పేరుతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తాం.

సరే, మూటగట్టడం అన్నాను కదా, అసలు చిక్కు అక్కడుంది. ఇది నేను పెద్దమ్మకి చెప్పాలని చాలా రోజులు ఆలోచించి, చివరికి మా కాలవతో చెప్పాను. మాది సాగర్ కుడికాలవ చివరి ఆయకట్టు. తూము దగ్గర పొలాలకి నీళ్ళు ముందు అందుతాయి, కరువొచ్చినా వాళ్ళకి ఎంతో కొంత వస్తుంది, చివర ఉన్న మాకు అందరూ తడుపుకున్నాక మిగిలితేనే. ఈ లోన్ల మూటని కూడా అలాగే భాగాలు చేశారు. వేలమంది కట్టే వాయిదాల డబ్బు కాలవ నీళ్ళలాగా పైనుంచి వస్తుంది, మొదటి భాగం కొన్నవాళ్ళకి ముందు, తర్వాత రెండో భాగం వాళ్ళకి, చివరి భాగం వాళ్ళకి ఆఖర్న. కొందరు ఎగ్గొట్టినా ఎండేది చివరి భాగమే కాబట్టి మొదటి భాగం భద్రం అని రేటింగ్ ఏజెన్సీలు, అంటే ఏ బాండ్ ఎంత భద్రమో మార్కులేసే కంపెనీలు, దానికి అన్నిటికంటే పై మార్కు ట్రిపుల్ ఏ ఇచ్చాయి. ఇంతవరకు తప్పు లేదు, నిజంగానే తూము దగ్గర పొలం భద్రమే.

కానీ చివరి భాగాలు కొనేవాళ్ళు సరిపడా లేరు. అప్పుడు ఏం చేశారంటే, వంద కాలవల చివరి భూములన్నీ తెచ్చి ఒక కొత్త మూట కట్టారు, దానిపేరు సీడీఓ. అన్ని కాలవలూ ఒకే ఏడాది ఎండవు కదా అనే లెక్కతో ఈ చివరి భూముల మూటని మళ్ళీ మొదటి భాగం, రెండో భాగం అని విడగొట్టి, అందులో చాలాభాగానికి మళ్ళీ ట్రిపుల్ ఏ తెచ్చుకున్నారు. చివరి భూమి కాగితం మీద తూము భూమి అయిపోయింది. ఒక్కో ఊళ్ళో ఇళ్ళ ధరలు పడతాయేమో గానీ దేశం మొత్తం మీద ఒకేసారి పడవు అని వాళ్ళ దగ్గరున్న లెక్కలు చెప్పాయి. డ్యామ్‌లోనే నీళ్ళు లేని సంవత్సరం ఎలా ఉంటుందో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు, అప్పుడు ఏ కాలవ చివర అనే తేడా ఉండదు, అన్నీ ఎండుతాయి. ఆ రేటింగ్ ఇచ్చే మూడీస్, ఎస్ అండ్ పీ లాంటి కంపెనీలకి ఫీజు కట్టేది ఎవరంటే ఆ బాండ్లు అమ్ముకునే బ్యాంకులే. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

2006లో ఇళ్ళ ధరలు పెరగడం ఆగింది. చాలా లోన్లు మొదటి రెండేళ్ళు తక్కువ వడ్డీ, తర్వాత రేటు ఎగిరిపోయే రకం, రేటు పెరిగే టైముకి ఇల్లు మళ్ళీ తాకట్టు పెట్టి కొత్త లోన్ తీసుకోవడం జనానికి అలవాటు. ధర పెరగకపోతే కొత్త లోన్ రాదు, వాయిదా కట్టలేరు, ఇల్లు వేలానికి వస్తుంది, వేలాలు ఎక్కువయ్యేకొద్దీ ధరలు ఇంకా పడతాయి. డ్యామ్ ఎండడం అంటే ఇదే.

ఇక్కడిదాకా మే నెల ఎపిసోడ్ చెప్పింది. కానీ నా ప్రశ్నలో సగమే తీరింది, ఎందుకంటే ఇళ్ళ లోన్లు పోతే బ్యాంకులు ఎందుకు కూలాలి, అదీ అన్నీ ఒక్క నెలలోనే ఎందుకు? దానికి వాళ్ళే సెప్టెంబర్‌లో 'ప్లానెట్ మనీ' అని విడిగా ఒక పాడ్‌కాస్ట్ పెట్టారు, తర్వాత 2009 ఫిబ్రవరిలో 'బ్యాడ్ బ్యాంక్' అనే ఇంకో ఎపిసోడ్ చేశారు. బ్యాంకు లెక్క అంటే ఏంటో నాకు ఆ రెండో దానితోనే తెలిసింది, ఒక బుల్లి బ్యాంకుని మన ముందు కట్టి చూపిస్తారు. నా మాటల్లో చెప్తాను.

ఒక బ్యాంకు వంద రూపాయలు అప్పిచ్చింది. అందులో ఓనర్ల సొంత డబ్బు పది, మిగతా తొంభై మా పెద్దమ్మ లాంటివాళ్ళ డిపాజిట్లు. అంటే పెద్దమ్మ ఇచ్చిన నోట్లు బీరువాలో లేవు, ఎవరో ఇల్లు కట్టుకున్నారు, ఎవరో లారీ కొన్నారు, ఆమె డబ్బు ఇప్పుడు ఆ ఇల్లు, ఆ లారీ, వాటిమీద ఒక సంతకం. ఇచ్చిన వందలో ఐదు రూపాయలు మునిగితే ఓనర్ల పదిలోంచి పోతుంది, పెద్దమ్మకి తెలియను కూడా తెలియదు. పదిహేను మునిగితే? ఓనర్ల పది పూర్తిగా పోయింది, ఇంకో ఐదు పెద్దమ్మది పోయింది. దివాలా అంటే ఇదే, ఇవ్వాల్సింది తొంభై, ఉన్నది ఎనభై ఐదు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు చెప్పలేకపోయిన మాట ఇంత చిన్నది.

ఇప్పుడు ఆ సొంత డబ్బు పది కాకుండా మూడు రూపాయలే అనుకోండి. లేమాన్ బ్రదర్స్ చివరి రోజుల్లో దాదాపు అలాగే ఉంది, సొంత రూపాయికి ముప్పై రూపాయల ఆస్తులు, ఆస్తి విలువ మూడు నాలుగు శాతం తగ్గితే చాలు ఓనర్ల డబ్బు సున్నా. పైగా లేమాన్ బయటినుంచి తెచ్చుకున్న అప్పుల్లో చాలాభాగం రాత్రికి రాత్రి తీర్చాల్సినవి. పొద్దున తీర్చి సాయంత్రం మళ్ళీ తెచ్చుకోవాలి, రోజూ. ఇచ్చేవాళ్ళకి అనుమానం వచ్చి ఒక్కరోజు "ఇవాళ ఇవ్వం" అంటే కథ అయిపోయినట్టే. 2007 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం క్యూలు కట్టడం అందరూ ఫోటోల్లో చూశారు, 2008లో వాల్‌స్ట్రీట్ మీద జరిగింది కూడా అలాంటి పరుగే, కాకపోతే క్యూలో నిలబడింది మనుషులు కాదు, ఫండ్లు, వేరే బ్యాంకులు, అందుకే కంటికి కనపడలేదు.

సుమారు 63,900 కోట్ల డాలర్ల ఆస్తులున్న లేమాన్ సెప్టెంబర్ 15న దివాలా పిటిషన్ వేసింది. మర్నాడే రెండు జరిగాయి. ఏఐజీ అనే ఇన్సూరెన్స్ కంపెనీ, ఈ బాండ్లు మునిగితే మేం కడతాం అని బోలెడంతమందికి మాటిచ్చి కూర్చుంది, దానికి ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్లు అప్పివ్వాల్సి వచ్చింది. రెండోది రిజర్వ్ ప్రైమరీ ఫండ్, జనం సేవింగ్స్ అకౌంట్ అంత భద్రం అనుకునే మనీ మార్కెట్ ఫండ్, దాని దగ్గర లేమాన్ కాగితాలు 78 కోట్ల డాలర్లకి పైగా ఉన్నాయి, దాంతో డాలర్ పెట్టినవాళ్ళకి 97 సెంట్లే అని ప్రకటించింది. మూడు సెంట్లేగా అనిపిస్తుంది, కానీ ఎప్పుడూ తగ్గదు అనుకున్నది తగ్గేసరికి అందరూ అలాంటి ఫండ్లన్నిట్లోంచీ డబ్బు లాగేసుకున్నారు. ఆ ఫండ్లే మామూలు కంపెనీలకి జీతాలివ్వడానికి, సరుకు కొనడానికి కొన్ని రోజులకో వారాలకో అప్పిచ్చేవి, దాన్ని కమర్షియల్ పేపర్ అంటారు. అది ఆగింది. ఇళ్ళతో, వాల్‌స్ట్రీట్‌తో ఏ సంబంధం లేని కంపెనీ కూడా అప్పుడు ఖర్చులు ఆపేసింది, ప్రాజెక్టులు ఆపేసింది, ఆ ప్రాజెక్టుల్లో కొన్ని హైదరాబాద్‌లో చేసేవి, నా జాయినింగ్ డేట్ వెనక్కి జరిగింది. ఈ కమర్షియల్ పేపర్ సంగతి మీదే వాళ్ళు అక్టోబర్ 3న ఇంకో ఎపిసోడ్ వేశారు, అమెరికా ప్రభుత్వం బ్యాంకుల్ని ఆదుకునే 70,000 కోట్ల డాలర్ల ప్యాకేజీ మీద సంతకం పెట్టింది కూడా ఆ రోజే. పేపర్లలో ఎవరూ నాకు కలిపి చూపించని ఆ గొలుసు అప్పుడు మొదటిసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపించింది.

బ్యాడ్ బ్యాంక్ ఎపిసోడ్‌లో నాకు బాగా గుర్తున్నది ఇంకోటి. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ బైమ్ ఒక గ్రాఫ్ గురించి మాట్లాడతాడు, అమెరికా కుటుంబాల మొత్తం అప్పుని దేశం ఏడాది ఆదాయంతో పోల్చే గ్రాఫ్. దాదాపు వందేళ్ళలో అది వంద శాతం తాకింది రెండేసార్లు, ఒకటి 1929లో, రెండోది 2007లో. గ్రాఫ్‌ని రేడియోలో చూపించలేరు, అయినా ఆ రెండు సంవత్సరాలు వినగానే మన కళ్ళ ముందు రెండు కొండలు లేస్తాయి. ఆయన చెప్పేదేంటంటే బ్యాంకులు పాడవడం ఒక్కటే సమస్య కాదు, మనుషులు తీర్చలేనంత అప్పులో ఉన్నారు, బ్యాంకుల్ని బాగుచేసినంత మాత్రాన ఆ అప్పు పోదు. ప్యాకేజీ మీద ఎంత గొడవ జరిగినా అసలు గొడవ ఒకటే, బ్యాంకు తన దగ్గరున్న బాండ్ విలువ డెబ్బై అంటుంది, బయట కొనేవాడు ముప్పై ఇస్తానంటాడు, ముప్పై అని ఒప్పుకుంటే బ్యాంకు ఆ క్షణమే దివాలా. మరి ఆ నలభై ఎవరు భరించాలి, బ్యాంకు ఓనర్లా, దానికి అప్పిచ్చినవాళ్ళా, పన్ను కట్టేవాళ్ళా?

2010లో ప్లానెట్ మనీ వాళ్ళు ఇంకో పని చేశారు, వెయ్యి డాలర్లు సొంత డబ్బు వేసుకుని అలాంటి పాడైన బాండ్‌లో ఒక ముక్క కొన్నారు, దానికి 'టాక్సిక్' (విషపూరితం) అనే మాట నుంచి 'టాక్సీ' అని పెంపుడు జంతువుకి పెట్టినట్టు ఒక పేరు పెట్టి నెలనెలా ఎంత వాయిదా వస్తుందో చెప్తూ, దాని వెనకున్న ఇళ్ళు ఎవరివో వెతుక్కుంటూ వెళ్ళారు. ఏడాది తిరక్కుండానే బాండ్ చచ్చిపోయింది, పెట్టిన దాంట్లో సగం కూడా తిరిగి రాలేదు.

ఈ ప్రోగ్రాముల్లో నాకు లోటు అనిపించింది కూడా చెప్పాలి. ఇల్లు పోగొట్టుకున్నవాడు మాట్లాడాడు, లోన్ కంపెనీ ఉద్యోగి మాట్లాడాడు, బాండ్లు కొన్న ట్రేడర్ మాట్లాడాడు, పై అంతస్తులో సంతకాలు పెట్టినవాళ్ళ గొంతు మాత్రం నాకు పెద్దగా వినపడలేదు. అందరూ మనుషులే, అందరూ తలా కాస్త తప్పు చేశారు అన్న భావన మిగులుతుంది, నిజానికి అందరి తప్పూ ఒకే బరువు కాదు. ఇది ఆడియోలో ఉన్న ప్రమాదమే అనుకుంటా, గొంతు విన్న మనిషి మీద మనకి కోపం నిలవదు.

మన దగ్గర ఈ కథలో ఇద్దరు తెలుగువాళ్ళున్నారు. కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి.రెడ్డి గారు 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్. ఇంటి లోన్లు, రియల్ ఎస్టేట్ లోన్లు విపరీతంగా పెరుగుతుంటే ఆయన వాటికి రిస్క్ వెయిట్ పెంచారు, అంటే పైన చెప్పిన లెక్కలో బ్యాంకు ఆ లోన్‌కి సొంత డబ్బు ఇంకాస్త ఎక్కువ పక్కన పెట్టాలి, ఇంటి లోన్లకి 2004 డిసెంబర్‌లోనే 50 శాతం నుంచి 75 శాతానికి తీసుకెళ్ళారు. అప్పట్లో ఎదగనివ్వని మనిషి అని ఆయన్ని తిట్టినవాళ్ళున్నారు. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు 2008 సెప్టెంబర్ 5న ఆ కుర్చీలోకి వచ్చారు, పదిరోజులకి లేమాన్ కూలింది, అక్కడ్నించి 2009 ఏప్రిల్ కల్లా రెపో రేటుని, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీని, 9 నుంచి 4.75 శాతానికి, బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ దగ్గర ఉంచాల్సిన సీఆర్ఆర్‌ని 9 నుంచి 5 శాతానికి దించారు. ఈ రెండు విషయాల మీదే తెలుగులో గంటసేపు రేడియో చెయ్యొచ్చు.

2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ గొడవ జరిగినప్పుడు నాకు ఆ గొలుసే మళ్ళీ కనపడింది. ఒక వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు, ఆ చిన్న చిన్న అప్పుల్ని మూటలుగట్టి బ్యాంకులకి అమ్మడం, ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్లు మార్కెట్లోకి రావడం, అక్టోబర్‌లో ఈ కంపెనీల్ని కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్, ఆ వెంటనే వసూళ్ళు దాదాపు ఆగిపోవడం. ఆత్మహత్యల వార్తలు రోజూ చదివాం. గ్రూపులో సంతకం పెట్టిన ఆడమనిషి దగ్గర మొదలుపెట్టి, వసూలుకొచ్చే కుర్రాడి దగ్గరికి, బ్రాంచి మేనేజర్ దగ్గరికి, ఆ మూట కొన్న బ్యాంకు దగ్గరికి, షేర్లు కొన్న ఫండ్ దగ్గరికి మైకు పట్టుకుని వెళ్ళే పని తెలుగులో జరిగుంటే నేను అది రోజుకోసారి వినేవాణ్ణి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెద్దమ్మకి ఇదంతా చెప్పాను, కాలవ సంగతి, వంద రూపాయల బ్యాంకు సంగతి. చివరి భూముల్ని తూము భూములని అమ్మారు అనగానే చెప్పేది ఆపమంది, కాసేపాగి మళ్ళీ మొదట్నించి చెప్పించుకుంది.

"మరి ఆ తూము దగ్గర కూర్చుని కాగితాలు రాసినోళ్ళకి ఏమైందిరా?" అంది.

పెద్ద బ్యాంకులు వేల కోట్ల డాలర్లు జరిమానాలు కట్టాయి పెద్దమ్మా, ఆ బ్యాంకుల సీఈఓల్లో మాత్రం ఒక్కడూ జైలుకి పోలేదు అని చెప్పాను. ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్ని అని అడిగింది, లక్షల్లో అన్నాను.

తర్వాత లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి ఆ పాత ఎఫ్‌డీ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎనభై వేలు ఇప్పుడు రావని తెలుసంది. ఆ బ్యాంకు ఆ డబ్బు ఎవరెవరికి అప్పిచ్చిందో, ఆ పేర్లు రాసిన పుస్తకం ఎక్కడైనా ఉంటుందా, అడిగితే చూపిస్తారా అని అడిగింది.